ఉప్పు ప్యాకెట్ మీద తేదీ

మా ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజే దాని మీద బాల్‌పెన్నుతో తేదీ రాస్తాం. మూడేళ్లుగా నడుస్తున్న అలవాటు ఇది. మొదటిసారి ప్యాకెట్ ఖాళీ అయిన రోజున లెక్క వేసి చూస్తే నాకు నోట మాట రాలేదు. మేం నలుగురం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకు 5 గ్రాములలోపు, అంటే ఒక చిన్న చెంచాడు. ఆ లెక్కన కిలో ఉప్పు మాకు 50 రోజులు రావాలి. 31 రోజులకే అయిపోయింది. తలకు 8 గ్రాములు! అందులో ఆవకాయ లేదు, అప్పడాలు లేవు, చల్లమిరపకాయలు లేవు, బండి దగ్గర తిన్న మిరపకాయ బజ్జీలు లేవు. అవన్నీ కలిపితే ఎంతవుతుందో ఆ రోజు లెక్క కట్టడానికి ధైర్యం చాలలేదు.

అప్పటిదాకా ఇంట్లో ఎవరినడిగినా ‘మేం ఉప్పు తక్కువే తింటాం’ అనేవాళ్లం. అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా నమ్మాం. మన గురించి మనకున్న నమ్మకం ఒకటి, మన చెయ్యి రోజూ చేసే పని ఇంకొకటి. గుండెకు మన నమ్మకాలతో పని లేదు, చెయ్యి ఏం చేసిందో అదే దానికి చేరుతుంది. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే అది నీటిని పట్టి ఉంచుతుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, రక్తనాళాల గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకునే గుండె ప్రతిసారీ ఆ ఒత్తిడికి ఎదురు తోయాలి. ఏళ్ల తరబడి అలా తోసీ తోసీ ఎడమ గది కండరం మందమవుతుంది, చివరికి అలసిపోతుంది. ఇదంతా చప్పుడు లేకుండా జరుగుతుంది. నొప్పి ఉండదు, నీరసం ఉండదు. అందుకే బీపీని మనం లెక్కచేయం.

వ్యక్తిత్వ వికాసం అనగానే సంకల్పబలం గురించి చెబుతారు. గట్టిగా అనుకుంటే చాలు, ఏదైనా సాధించవచ్చంటారు. గుండె విషయంలో ఆ మాటతో నేను ఏకీభవించను. జనవరి ఒకటిన కొన్న వాకింగ్ బూట్లు సంక్రాంతి పిండివంటలు అయిపోయేలోపే అటకెక్కడం ఎన్ని ఇళ్లలో చూడలేదు! వాళ్లలో పట్టుదల లేదనడం అన్యాయం. పిల్లల చదువుల కోసం, అప్పులు తీర్చడం కోసం ఎంత పట్టుదల చూపించారో వాళ్లే. కానీ రోజూ పొద్దున్నే కొత్తగా ఒక నిర్ణయం తీసుకోవాల్సి వస్తే ఎవరైనా ఏదో ఒక రోజు ఓడిపోతారు. నిర్ణయంతో పని పడకుండా రోజును అమర్చుకోవడమే అసలు నేర్పు.

దీనికి లండన్ బస్సులే సాక్ష్యం. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడి రవాణా కార్మికులు సుమారు 31 వేల మంది ఆరోగ్యాన్ని పరిశీలించి, 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. అప్పట్లో ఒకే డబుల్ డెక్కర్ బస్సులో ఇద్దరు పనిచేసేవారు. డ్రైవరు రోజంతా కూర్చునేవాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కిందికీ పైకీ తిరిగేవాడు, రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వచ్చినా ఆలస్యంగా వచ్చింది, ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలూ తక్కువే. తర్వాత మోరిస్ మరో పని చేశారు. డ్రైవర్లకూ కండక్టర్లకూ కుట్టించిన యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తిరగేశారు. ఉద్యోగంలో చేరేనాటికే డ్రైవర్ల నడుము కొంచెం ఎక్కువని తేలింది. కాబట్టి తేడా అంతా మెట్లదే అనడానికి లేదు. తన లెక్కను తనే ఇంకోసారి ప్రశ్నించుకున్న ఆ నిజాయితీ నాకు ఎంతో ఇష్టం. అయినా కదిలే ఒంటికి, కూర్చునే ఒంటికి తేడా ఉందన్న మాట ఆ తర్వాతి ఎన్నో పరిశోధనల్లో నిలబడింది. మోరిస్ 99 ఏళ్లు బతికారు.

ఆ కండక్టర్లలో ఎవరూ గుండె కోసం మెట్లెక్కలేదు, టికెట్లు కొట్టడానికి ఎక్కారు. మన రోజులో అలాంటి మెట్లు ఎక్కడ పెట్టుకోవచ్చు? నేను చేసిన పని చెబుతాను. మా అక్క విజయవాడ నుంచి రోజూ రాత్రి ఫోన్ చేస్తుంది. ఇరవై నిమిషాలకు తగ్గదు. ఇదివరకు సోఫాలో కాళ్లు చాపుకుని మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు ఫోన్ మోగగానే చెప్పులేసుకుని డాబా మీదికి వెళ్తాను. అక్క మాటలు అయ్యేసరికి నడక కూడా అయిపోతుంది. వారానికి 150 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా నడవమంటారు వైద్యులు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే ఆ వేగానికి గుర్తు. నా వారంలో ఎక్కువ భాగం అక్కే నడిపిస్తోంది. పదివేల అడుగులు పూర్తికాలేదని బాధపడే మిత్రులకు ఒక సంగతి చెబుతుంటాను. ఆ అంకె వైద్యశాస్త్రం లెక్కగట్టి ఇచ్చింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. అంతకన్నా తక్కువ నడిచినా మేలే.

ఉప్పు దగ్గర కూడా ఇదే సూత్రం పాటించాం. ఉప్పు డబ్బాను భోజనాల బల్ల మీంచి తీసి వంటింటి పై అరలో పెట్టాం. ఆవకాయ జాడీని అటకెక్కించి, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటున్నాం. మజ్జిగలో ఉప్పుకు బదులు అల్లం, కరివేపాకు, నిమ్మాకు నలిపి వేస్తోంది అమ్మ. మొదటి రెండు వారాలూ ‘ఈ చప్పిడి కూడు ఎలా తినడం’ అని నాన్న కంచం ముందు కూర్చుని బాధపడ్డారు. నెల దాటాక ఒక రోజు హోటల్ సాంబారు నోట్లో పెట్టుకుని, ‘ఇంత ఉప్పేమిట్రా’ అన్నారు. నాలుక మారుతుంది, దానికి కాస్త గడువివ్వాలి. సైంధవ లవణం వాడితే బీపీ రాదని చాలామంది నమ్ముతారు. అందులో ఉండేదీ ప్రధానంగా సోడియం క్లోరైడే. సోడియం తగ్గించిన ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది కాబట్టి కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా వాడకూడదు. ఇక కంచం సంగతి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంది. మన కంచంలో ఆ సగం అన్నానిది. ముందు కూర వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకుంటే చాలా వరకు సరిపోతుంది.

మనవాళ్లు త్వరపడాల్సిన కారణం ఒకటుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు సగటు వయసు దక్షిణాసియా వాళ్లలో 53, ఇతరులలో 59కి దగ్గర. పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొట్ట, మనసు మీది ఒత్తిడి వంటి తొమ్మిది అంశాలే ముప్పులో తొంభై శాతానికి పైగా కారణమని 2004లో వెల్లడైంది. తొమ్మిదిలో ఎక్కువ భాగం మన చేతిలోవే. పొట్టకు కొలత చెప్పాలంటే, మన మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. బరువు సరిగ్గానే ఉన్నా ఈ కొలత దాటినవాళ్లు మనలో చాలామంది. సిగరెట్ మానేసిన ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి పడిపోతుంది. మానడానికి మొదట మార్చాల్సింది టీ తాగే చోటు. చేతికి సిగరెట్ గుర్తొచ్చేది ఆ బంకు దగ్గరే కదా. నిద్ర ఏడు గంటలకు తగ్గకూడదు, దానికి ఫోన్ పడకగది బయట చార్జింగ్ పెడితే చాలు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది బీపీ మాత్రల సంగతి. నాన్న రెండుసార్లు మానేశారు. ‘నూట ఇరవై ఉందిగా, నార్మల్ అయ్యాక ఇంకా మందెందుకు?’ అన్నారు. నార్మల్ అయ్యింది మందు వల్లే అన్న మాట ఆయనకు నచ్చజెప్పడానికి ఆర్నెల్లు పట్టింది. ‘ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలట’ అన్న భయం ప్రతి ఊళ్లోనూ ఉంది. వాడాల్సి రావచ్చు. కళ్లజోడు కూడా జీవితాంతం పెట్టుకుంటాం. ఇప్పుడు ఆ మాత్ర నాన్న టూత్‌బ్రష్ పక్కనే ఉంటుంది. పళ్లు తోముకోవడం ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు, ఇప్పుడు మాత్రా మర్చిపోవడం లేదు. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టాలని, ఆ కాసేపు మాట్లాడకూడదని కూడా ఆయనే ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లకు చెబుతున్నారు.

ఇక మార్చుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన గుణం మొహమాటం. పెళ్లి పంక్తిలో వద్దనలేక రెండోసారి వేయించుకున్న నేతి జిలేబీ దాని చిన్న రూపం. పెద్ద రూపం మా మేనమామ విషయంలో చూశాను. రాత్రి పదకొండుకు ఛాతీ బరువెక్కింది, చెమటలు పట్టాయి. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నారు. పక్క గదిలో కొడుకు, కోడలు. పొద్దున్నే ఆఫీసులకు వెళ్లాల్సినవాళ్లని లేపలేదు. తెల్లవారి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి గుండె కండరంలో చాలా భాగం పాడైపోయిందన్నారు. రక్తం అందని కండరం గంటల్లో చచ్చిపోతుంది. ఆ తర్వాత రెండేళ్లే ఉన్నారు మావయ్య.

అందుకే మా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కారణం లేని చెమట, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ఎన్ని గంటలకైనా సరే లేపాలి, 108కి ఫోన్ చేయాలి. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా వాంతి వచ్చేటట్టు ఉండటం, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చు. ‘ఊరికే మీ నిద్ర పాడుచేయడం ఎందుకురా’ అని అమ్మ వెంటనే అంది. ఈ మాట అయిదారుసార్లు చెప్పాల్సి వచ్చింది.

పోయిన నెల రాత్రి రెండింటికి అమ్మ నా భుజం తట్టింది. ఛాతీలో పట్టేసినట్టుందంది. అంబులెన్సులో వెళ్లాం, ఈసీజీ తీశారు, రక్తం పరీక్ష చేసి కొన్ని గంటలు చూశారు. నిజంగా గ్యాసే. తెల్లారాక ఆటోలో తిరిగొస్తుంటే, ‘అనవసరంగా లేపాను, ఏమీ అనుకోకురా’ అని మూడుసార్లు అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, ‘ఇంకోసారి వచ్చినా ఇలాగే లేపమ్మా’ అన్నాను. ‘సరే’ అంది.