హైటెన్షన్ లైన్లు: పౌరుడు అభ్యంతరము తెలుపు విధానము

పొలములో ఒకనాడు సర్వేవారు మేకులు పాతి, గుర్తులు పెట్టి పోవుదురు. రైతు అడిగినచో “లైను వచ్చుచున్నది” అని మాత్రము చెప్పుదురు. అది ఎవరి లైను, ఏ ఉత్తరువు ప్రకారము వచ్చుచున్నది అని అడుగవలెనని అతనికి తోచదు. టవరు పునాది త్రవ్విన పిమ్మట కోర్టుకు పరుగిడును. అప్పటికి వేళ మించిపోవును. మన విద్యార్థులలో సేద్యపు కుటుంబములవారు కలరు గనుక, ఈ విషయమును ఇచ్చట వివరింప దలచితిమి.

మొదటి అవకాశము లైసెన్సు దశలో కలదు. 2003 విద్యుత్ చట్టములోని 15వ సెక్షను ప్రకారము, లైసెన్సు కోరు సంస్థ దరఖాస్తు చేసిన 7 దినములలో ప్రకటన ప్రచురింపవలెను. ప్రకటన వెలువడిన 30 దినములలోగా అందిన అభ్యంతరములను పరిశీలింపక విద్యుత్ నియంత్రణ కమిషను లైసెన్సు ఈయరాదు. కమిషను ఉత్తరువుపై 45 దినములలో అప్పీలు ట్రిబ్యునలునకు పోవచ్చును. పల్లెలోని రైతు ఆ ప్రకటనను చూచుననుకొనుట మాకు వింతగా తోచును. పైగా రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ సంస్థను చట్టమే లైసెన్సుదారుగా భావించును గనుక, దాని లైన్ల విషయమున ఈ ద్వారమే లేదు.

అసలు కీలకము 164వ సెక్షనులో ఉన్నది. ఈ సెక్షను క్రింద ప్రభుత్వము 1885 నాటి టెలిగ్రాఫు చట్టపు అధికారములను లైను వేయు సంస్థకు ఈయవచ్చును. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము సైతము విద్యుత్ లైన్ల మట్టుకు ఆ పాత చట్టపు మూడవ భాగమును నిలిపియుంచినది. అట్టి ఉత్తరువు లేనిచో, 2006 నియమముల ప్రకారము భూయజమాని ముందస్తు సమ్మతి కావలెను. అతడు అభ్యంతరము చెప్పినచో సంస్థ జిల్లా మేజిస్ట్రేటు అనుమతిని, అనగా కలెక్టరు అనుమతిని, పొందవలెను. ఉత్తరువు ఉన్నచో యజమాని సమ్మతి అక్కరలేదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో తీర్పు చెప్పినది. కావున మేకులు చూచిన నాడే సమాచార హక్కు చట్టము క్రింద ఆ ఉత్తరువు నకలు కోరవలెను. జవాబునకు 30 దినముల గడువు కలదు.

అర్జీ, నకలు, రసీదు, దాఖలు: ఈ మాటలన్నియు ఉర్దూ, తెలుగు విభాగముల పాఠకులు ఇరువురికిని సొంతమే. వాని విలువ ఇట్టి సమయమున తెలియును. “మా పొలము మీదుగా వద్దు” అన్న అర్జీకి బలము లేదు. సర్వే నంబరు, విస్తీర్ణము, బావి, బోరు, ఇల్లు, ఖబరస్తాను, చెట్ల వయస్సు పేర్కొని, ప్రక్కనున్న ప్రభుత్వ భూమి మీదుగా మార్గము మార్చవచ్చునని పటముతో చూపిన అర్జీ వేరు. దానిని కలెక్టరుకును, సంస్థకును ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. యజమాని అడ్డుపడినచో సంస్థ టెలిగ్రాఫు చట్టపు 16వ సెక్షను క్రింద కలెక్టరును ఆశ్రయించును. ఆ ఘట్టమున ఈ కాగితములే మాటాడును. కలెక్టరు అనుమతించిన పిమ్మట అడ్డగించుట నేరమగును. ఊరంతయు గుమిగూడి యంత్రములను ఆపుట పౌరుషముగా కనిపించినను, కేసులు మోయవలసినది యువకులే.

ఇక పరిహారము. తక్కువైనదని తోచినచో జిల్లా జడ్జి యొద్దకు పోవచ్చును. భూమి ఉన్న చోటు, దానిపై లైను పోవు పొడవు, చిన్న కమతము నడుమనుండి పోవుచున్నదా అనునవి లెక్కలోనికి తీసికొనవలెనని సుప్రీంకోర్టు 2007లో కేరళ విద్యుత్ బోర్డు కేసులో చెప్పినది. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2015లో టవరు స్థలమునకు భూమి విలువలో 85 శాతము, తీగల క్రింది పట్టీకి 15 శాతము వరకు సూచించినది. 2024 జూనులో వానిని 200, 30 శాతములకు పెంచినది. ఇవి సూచనలే గనుక, తమ రాష్ట్రము వీనిని ఎంతవరకు స్వీకరించినదో విచారింపవలెను.

లైను పడిన పిమ్మటను ఒక దారి మిగిలియున్నది. యజమాని ఆ స్థలమున ఇల్లు కట్టదలచినచో, 17వ సెక్షను క్రింద లైనును అదే భూమిలో మరొక చోటికి జరుపుమనియో, ఎత్తు మార్చుమనియో కోరవచ్చును. పరిహారము పుచ్చుకొనియుండినచో, మార్పు ఖర్చును గాని, పొందిన పరిహారములో సగమును గాని, ఏది తక్కువైన అది చెల్లింపవలెను. సంస్థ ఆ కోరికను పాటింపనిచో అర్జీ మరల కలెక్టరు యొద్దకే పోవును.