వించెస్టర్ 63 కొనేముందు

ప్రశ్న: గ్రీన్‌కార్డుపై టెక్సాస్‌లో ఉంటున్నాను. 1958లో తయారీ ఆగిపోయిన వించెస్టర్ 63 రైఫిల్ వేరే రాష్ట్రంలో అమ్మకానికి ఉంది. కొనవచ్చా?

జవాబు: నిక్షేపంగా కొనండి. గ్రీన్‌కార్డు అడ్డు కాదు; హెచ్‌-1బీ వాళ్లకైతే వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉండాలి. తుపాకీని పంపించుకునేట్టయితే మాత్రం అది మీ రాష్ట్రంలో లైసెన్సున్న డీలరు దగ్గరికే రావాలి, అక్కడ కాగితాల పని పూర్తయ్యాకే మీ చేతికి.

ఫొటోలు చూసి మురిసిపోకండి. స్కోపు బిగించడానికి రిసీవర్‌కు ఎవరైనా రంధ్రాలు వేశారేమో అడగండి. వేస్తే సేకర్తల లెక్కలో సగం అందం పోయినట్టే. తూటాలు నింపేది వెనుక చెక్కలోని గొట్టంలో. కుడిపక్క తూటాలు వేసే కన్నం అంచున చెక్క చిట్లిందేమో చూడండి. ముందు చెక్క కొసన ఉన్న కడ్డీని నొక్కితే బోల్టు పట్టేయకుండా వెనక్కి జారాలి. దీనికి ముందొచ్చిన 1903 మోడల్ చవగ్గా దొరికినా తొందరపడకండి: దాని తూటాయే వేరు, మామూలు .22 లాంగ్ రైఫిల్ అందులో పనికిరాదు.