అడుగునుండి పుట్టు బలము

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, తూర్పు కనుమల వరుసలలో ఉదయగిరి కొండ కలదు. దానిపైనున్న దుర్గము ఒకప్పుడు గజపతుల యధీనమున నుండెను. విజయనగర ప్రభువైన శ్రీకృష్ణదేవరాయలు దానిని ముట్టడించి 1514వ సంవత్సరమున జయించెను. ఆ ముట్టడి ఏడాదిన్నర సాగెననియు, కోట బురుజులను చేరుటకై రాయలు పెద్ద బండలను పగులగొట్టించి కొండలమీదుగా త్రోవలు వేయించెననియు పోర్చుగీసు వర్తకుడగు న్యూనిజ్ వ్రాసియున్నాడు. చరిత్ర రాజు పేరును నిలిపినది గాని, ఆ బండలను పగులగొట్టిన శ్రామికుల పేర్లను నిలుపలేదు.

రాతిని పగులగొట్టుటకు కండబల మొక్కటియే చాలదు. క్రొత్తగా సమ్మెట పట్టినవాడు దానిని పైకెత్తి, చేతులతోనే క్రిందికి లాగును. పది దెబ్బలకే వానికి రొప్పు పుట్టును, భుజములు పట్టుకొనును, రాయి మాత్రము చెక్కుచెదరదు. ఆరితేరిన పనివాడు అట్లు చేయడు. పాదములను ఎడముగా నాటి నిలుచును. సమ్మెట తలపైకి చేరగానే మోకాళ్లను కొంచెము వంచి, ముందుగా నడుమును కదల్చును. నడుము వెంట మొండెము, దాని వెంట భుజములు, పిమ్మట ముంజేతులు, చిట్టచివర సమ్మెట దిగును. కోతయంత్రములు రాకముందు, ఆత్మకూరు వంటి ప్రాంతముల పొలములలో వరికట్టలను బండపై కొట్టి గింజలు రాల్చిన రైతుల నేర్పును ఇట్టిదే.

ఈ వరుసను మిక్కిలి సూక్ష్మముగా పరిశీలించినవారిలో గాల్ఫు ఆటగాండ్రు ముఖ్యులు. గాల్ఫు స్కాట్లండు దేశమున పెరిగిన క్రీడ. విశాలమైన పచ్చిక బయలులో, నేలపై కదలక యున్న చిన్న బంతిని పొడవైన కఱ్ఱతో కొట్టి, దూరముననున్న గుంటలో వీలైనన్ని తక్కువ దెబ్బలతో పడవేయుట అందలి పని. బంతి బరువు 46 గ్రాములకు మించదు. పైకెత్తిన కఱ్ఱ క్రిందికి దిగి బంతిని తాకుటకు సుమారు పావు సెకను పట్టును. అంత స్వల్పకాలమున ఆలోచనకు తావు లేదు. కావున సరియైన వరుస దేహమునకు ముందే అలవడి యుండవలెను.

కుడిచేతి వాటముగలవాడు కొట్టునప్పుడు, దేహభారము మొదట ఎడమ పాదము వైపు మరలును. నడుము గురివైపు తిరుగ నారంభించును. అప్పటికి భుజములును చేతులును ఇంకను వెనుకనే యుండును. అందువలన నడుమునకును భుజములకును మధ్యనున్న కండరములు, సాగదీసిన రబ్బరువలె బిగువెక్కును. బరువైన నడుము వేగము తగ్గు వేళ, ఆ చలనము మొండెమునకును, మొండెము నుండి చేతులకును, చేతుల నుండి కఱ్ఱకును సంక్రమించును. మణికట్లు చివరి క్షణమున విడివడును. బండి తోలువాని చెర్నాకోల దీనికి చక్కని యుదాహరణము. పిడి పట్టిన చేయి కొంచెమే కదలి ఆగును. కొస మాత్రము ఛెళ్లుమని మ్రోగును.

చేతులు తొందరపడి ముందే దిగినచో ఈ క్రమము చెడును. కఱ్ఱ బంతిని అడ్డముగా కోసికొని పోవును. బంతి గురి తప్పి కుడివైపునకు వంపు తిరుగును. మఱింత బలముగా కొట్టవలెనను పట్టుదల యే పెక్కుసార్లు దెబ్బను బలహీనపరచును.

ఈ సత్యమును లోకమునకు చక్కగా బోధించినవాడు బెన్ హోగన్ అను అమెరికా క్రీడాకారుడు. ఆయన 1912లో టెక్సస్ రాష్ట్రమున ఒక కమ్మరి యింట జన్మించెను. బాల్యముననే తండ్రిని కోల్పోయి, ఆటగాండ్ర కఱ్ఱల సంచులు మోసి కూలి సంపాదించెను. స్వయంకృషితో గొప్ప ఆటగాడైన పిమ్మట, 1949 ఫిబ్రవరిలో ఆయన కారును ఒక బస్సు ఢీకొనెను. ప్రక్కనున్న భార్యను కాపాడుటకై ఆయన ఆమెకు అడ్డుపడెను. కటి యెముకలు విరిగెను. మరల నడచుటయే దుర్లభమని వైద్యులు శంకించిరి. అయినను 1950 జూన్‌లో, నొప్పితో కుంటుచునే, అమెరికా జాతీయ పోటీలో విజయము సాధించెను. 1957లో ప్రకటించిన గ్రంథమున, కఱ్ఱ దించుట నడుముతోనే ఆరంభము కావలెనని ఆయన వివరించెను. ఏ కటి విరిగెనో, ఆ కటియే దెబ్బకు మూలమని చాటెను.

విద్యార్థులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. కూర్చుండి ఒకసారియు, నిలుచుండి అడుగు ముందుకు వేయుచు ఒకసారియు బంతిని విసరి చూచినచో, చేతి బలమెంతయో, దేహబలమెంతయో తెలియగలదు. రాతి పనికైనను, ఆటకైనను నియమ మొక్కటే: బలము నేలనానిన పాదముల నుండి బయలుదేరవలెను, చేయి తన వంతు వచ్చువరకు ఓర్పుతో వేచియుండవలెను. ఈ ఓర్పు పుట్టుకతో వచ్చునది కాదు; నిత్యాభ్యాసముచే అలవడునది.