వోల్టేజి కాస్త తగ్గిస్తే ల్యాప్‌టాప్ ఎందుకు చల్లబడుతుంది?

మే నెలలో, ఏసీ లేని గదిలో వీడియో ఎడిటింగ్ మొదలుపెడితే ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తుతుంది. కాసేపటికి పని కూడా నెమ్మదిస్తుంది. యంత్రం పాతబడిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి, మితిమీరి వేడెక్కకుండా ప్రాసెసరే తన వేగాన్ని తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు.

చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ఉష్ణోగ్రత పరిమితి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. చిప్ నుంచి గాలిలోకి వేడి ఎంత త్వరగా పోతుందన్నది ఆ రెండింటి ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. గది 25 డిగ్రీలుంటే తేడా 75. గది 40 డిగ్రీలకు చేరితే తేడా 60 మాత్రమే. ఫ్యాన్ అదే, హీట్‌సింక్ అదే అయినా, వేడిని బయటికి పంపే సామర్థ్యం అయిదో వంతు తగ్గిపోయింది. అంతకుముందు 30 వాట్ల వేడిని వదిలించుకోగలిగిన ఏర్పాటు ఇప్పుడు 24 వాట్లే వదిలించుకోగలదు.

మరి ఆ 6 వాట్లు ఎక్కడ తగ్గించాలి?

చిప్‌లోని ప్రతి ట్రాన్సిస్టర్ గేటూ ఒక బుల్లి కెపాసిటర్ లాంటిది. 0 నుంచి 1కి మారినప్పుడు ఛార్జితో నిండుతుంది, తిరిగి 0కి వచ్చినప్పుడు ఖాళీ అవుతుంది. ఈ క్రమంలో ఖర్చయ్యే శక్తి వేడిగా మారుతుంది. ఒక నీళ్ల ట్యాంకును అడుగు నుంచి నింపుతున్నామనుకోండి. నీటి మట్టం రెట్టింపు కావాలంటే నీళ్లు రెట్టింపు కావాలి, వాటిని సగటున రెట్టింపు ఎత్తుకు లేపాలి కూడా. అంటే పని నాలుగు రెట్లు. ఇక్కడ ఎత్తు స్థానంలో వోల్టేజి ఉంటుంది. అందుకే చిప్ వాడే విద్యుత్తు క్లాక్ వేగానికి నేరుగా, వోల్టేజికి మాత్రం దాని వర్గం ప్రకారం మారుతుంది.

వోల్టేజిని పదో వంతు తగ్గిస్తే 0.9 × 0.9 = 0.81. ఈ ఖర్చు 19 శాతం తగ్గింది. వేసవి లాక్కున్న అయిదో వంతు దాదాపు తిరిగి వచ్చేసింది, అదీ క్లాక్ వేగం తగ్గకుండానే! దీన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. చిప్ చల్లబడితే ట్రాన్సిస్టర్ల గుండా వృథాగా కారిపోయే లీకేజీ కరెంటు కూడా తగ్గుతుంది. అది అదనపు లాభం.

అలాగైతే తయారీదారులే ఆ పని చేయొచ్చుగా? ఒకే సిలికాన్ వేఫర్ నుంచి కోసిన రెండు చిప్‌లు కూడా అచ్చం ఒకేలా ఉండవు. వాటిలో బలహీనమైనది కూడా ఏళ్ల తరబడి తప్పు చేయకుండా నడవాలి కాబట్టి వోల్టేజిని కాస్త ఎక్కువగానే పెడతారు. మన చిప్‌లో ఆ మిగులు ఎంతుందో పరీక్షించి చూసుకోవాల్సిందే. 1 వోల్టు దగ్గర పదో వంతంటే 100 మిల్లీవోల్టులు. అందరికీ అంత దొరకదు. 10 మిల్లీవోల్టుల చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ చాలాసేపు బరువైన పని చేయించి చూడాలి.

వోల్టేజి తగ్గితే ట్రాన్సిస్టర్లు నెమ్మదిగా మారతాయి. తర్వాతి క్లాక్ టిక్కు వచ్చేలోగా సంకేతం చేరకపోతే లెక్క తప్పుతుంది. బ్లూ స్క్రీన్ వస్తే నయమే, సంగతి తెలిసిపోతుంది. ఏమీ చెప్పకుండా ఒక ఫైలు పాడైతేనే అసలు ప్రమాదం. ముఖ్యమైన ఫైళ్లకు ముందే బ్యాకప్ తీసుకోండి.

ఈ బలహీనతే 2019లో భద్రతా సమస్య అయింది. కావాలనే వోల్టేజి తగ్గించి లెక్కలు తప్పేలా చేస్తే, ఇంటెల్ చిప్‌ల రక్షిత భాగంలోని రహస్య కీలను రాబట్టవచ్చని పరిశోధకులు నిరూపించారు. ఆ దాడి పేరు ప్లండర్‌వోల్ట్. దాని తర్వాత ఎన్నో ల్యాప్‌టాప్‌లలో బయోస్ అప్‌డేట్‌లతో వోల్టేజి సెట్టింగుకు తాళం వేశారు. మీ దాంట్లో అది కనిపించకపోతే కారణం ఇదే కావచ్చు. తాళం తీయడానికి పాత బయోస్ ఎక్కించడం నా ఉద్దేశంలో తెలివైన పని కాదు.

వాళ్లకు ఇంకో దారి ఉంది. ఎక్కువ వేగానికి ఎక్కువ వోల్టేజి కావాలి కాబట్టి వేగం తగ్గిస్తే ప్రాసెసరే వోల్టేజినీ దించుతుంది. రెండూ పదో వంతు తగ్గాయనుకుంటే 0.9 × 0.9 × 0.9 = 0.73. పదో వంతు వేగం వదులుకుంటే నాలుగో వంతుకు పైగా వేడి పోతుంది. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి మారిస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో వేగం ఆగిపోతుంది. దీనివల్ల లెక్కలు తప్పే భయం లేదు.

అయితే వీటన్నిటికంటే ముందు ల్యాప్‌టాప్‌ను పరుపు మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి. అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతే ఏ లెక్కా పనిచేయదు. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క గిర్రున తిరగకుండా పుల్లతో ఆపి పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది.