మొరాయించే గేట్లలో ఉపాధి

ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తిచేసిన కుర్రాళ్లను తర్వాతేమిటని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే వరస. కరెంటు ఆఫీసులో లైన్‌మన్, రైల్వేలో టెక్నీషియన్, ఏదీ కుదరకపోతే ఏసీ మెకానిక్. మొదటి రెండింటికీ నోటిఫికేషన్ పడాలి, పడ్డాక పోటీని తట్టుకోవాలి. మూడోది ఎండల మీద ఆధారపడిన పని. వీటి పక్కనే ఉన్నా ఎవరూ పెద్దగా పట్టించుకోని పని మరొకటుంది: మోటారు గేట్లు, రోలింగ్ షట్టర్లు, గ్యారేజ్ తలుపులు బిగించడం, వాటికి రిమోట్లు నేర్పించడం, మొరాయిస్తే బాగుచేయడం.

కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు విల్లాలున్న వీధుల్లో నడిస్తే ఈ పని ఎంత ఉందో తెలుస్తుంది. స్లైడింగ్ గేట్లకు మోటార్లు, కాలనీ ముఖద్వారాల దగ్గర బూమ్ బారియర్లు, నగల దుకాణాలకు మోటారు షట్టర్లు. విజయవాడ, విశాఖల్లో కూడా అంతే. బిగించేవాళ్లు దొరుకుతారు. బిగించిన రెండేళ్లకు గేటు సగంలో ఆగిపోతే వచ్చి చూసేవాళ్లే దొరకరు. మీకు చోటు ఉన్నది అక్కడ.

ఈ సరంజామాకు పుట్టిల్లు అమెరికా. అక్కడ సి.జి. జాన్సన్ 1921లో పైకి లేచే గ్యారేజ్ తలుపును, 1926లో దానికి విద్యుత్ మోటారును తయారుచేశాడు. ఇవాళ డల్లాస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు రోజూ కారు దిగకుండా ఇంట్లోకి వెళ్తున్నది ఆ తలుపుల కిందుగానే. మన దగ్గర గ్యారేజ్ తలుపు తక్కువ, గేటు ఎక్కువ. అయినా లోపలి బోర్డు, రిమోట్, సెన్సార్ పనిచేసే పద్ధతి ఒకటే కాబట్టి ఒకటి నేర్చుకున్నవాడికి రెండోది కొత్తగా ఉండదు.

ముందు రిమోట్ సంగతి. కంట్రోల్ బోర్డు మీద ‘లెర్న్’ అనే చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి వదిలితే పక్కన ఎల్‌ఈడీ వెలుగుతుంది. ఆ వెలుగు ఆరేలోపు రిమోట్ బటన్ నొక్కితే బోర్డు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. కంపెనీని బట్టి నొక్కాల్సిన సెకన్లు, మెరుపుల లెక్క మారతాయి గానీ తంతు ఇదే. అదే బటన్‌ను ఎక్కువసేపు పట్టుకుంటే చాలా బోర్డుల్లో జ్ఞాపకం మొత్తం చెరిగిపోతుంది. ఇది తెలియక, ఒక్క కొత్త రిమోట్ కలపబోయి ఇంటిల్లిపాది రిమోట్లనూ చెరిపేసేవాళ్లు ఉంటారు. కాబట్టి ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ ముందు బల్ల మీద పెట్టించుకున్నాకే బోర్డు మూత తీయండి.

పాత రిమోట్లలో వరసగా చిన్న స్విచ్‌లుండేవి. వాటిని బోర్డులో ఉన్నట్టే పైకీ కిందికీ పెడితే చాలు, కోడ్ ఎప్పటికీ మారదు. అందుకే బజారులో పది నిమిషాల్లో నకలు తీసి ఇస్తారు. కొత్తవాటిలో ఉండేది రోలింగ్ కోడ్. నొక్కిన ప్రతిసారీ రిమోట్ కొత్త కోడ్ పంపుతుంది, తర్వాత రాబోయేదేమిటో బోర్డుకు తెలుసు. గేటుకు దూరంగా పిల్లలు ఆడుకుంటూ రిమోట్‌ను తెగ నొక్కితే రెండింటి లెక్కా తప్పుతుంది. గేటు ముందు నిలబడి వరసగా రెండుసార్లు నొక్కితే చాలావరకు సర్దుకుంటుంది. అలా కుదరకపోతే మళ్లీ నేర్పించాల్సిందే.

ఎక్కువగా వచ్చే ఫోన్లలో ఒకటి ఇలా ఉంటుంది: ‘డ్రైవర్ పని మానేశాడు, రిమోట్ తిరిగి ఇవ్వలేదు.’ చౌకరకం బోర్డుల్లో ఒక్క రిమోట్‌ను మాత్రమే తీసేసే వీలుండదు. అన్నీ చెరిపి, మిగిలినవాటికి మళ్లీ నేర్పాలి. కొత్త రిమోట్ అడిగే మనిషి ఆ ఇంటివాడేనా అన్నది కూడా మీరే చూసుకోవాలి. ఈ వృత్తిలో మీ చేతికి వచ్చేది ఇంటి తాళం.

ఇదంతా ఒక వారంలో వచ్చేస్తుంది. యూట్యూబ్ చూసి ఇంటివాళ్లే చేసుకోగలరు కూడా. మీకు డబ్బు తెచ్చేది దోషం పట్టుకునే నేర్పు. దానికి కావాల్సింది వరస తప్పని అలవాటు. నేను చూసిన కొత్త టెక్నీషియన్లలో చాలామంది వెళ్లగానే బోర్డు మూత తీస్తారు. మొదట తీయాల్సింది బోర్డు మూత కాదు, మోటారు పక్కన ఉండే రిలీజ్ తాళం. దాన్ని తిప్పి గేటును చేత్తో తోయండి. బరువుగా కదిలినా, ఒకచోట పట్టేసినా జబ్బు కరెంటులో లేదు. పట్టాలో కంకర ఇరుక్కుందో, చక్రం బేరింగ్ పోయిందో, గేటుకు బిగించిన పళ్ల పట్టీ మోటారు పళ్ల చక్రం మీద కూర్చుందో చూడాలి. ఆ రెండింటి మధ్య మిల్లీమీటరో రెండో సందు ఉండాలి. నాలుగైదు వందల కిలోల ఇనుప గేటు బరువు ఆ చిన్న చక్రం మీద పడితే ఏ మోటారైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

చేత్తో తేలిగ్గా కదిలితే అప్పుడు కరెంటు వైపు రండి. ఎంసీబీ పడిందా, బోర్డుకు వోల్టేజీ వస్తోందా, ఫ్యూజు బాగుందా? తర్వాత గోడ స్విచ్ నొక్కండి. స్విచ్‌కు పనిచేసి రిమోట్‌కు పనిచేయకపోతే దోషం రిమోట్‌లోనో రిసీవర్‌లోనో ఉన్నట్టు. ముందు రిమోట్ బ్యాటరీ మార్చి చూడండి. చాలా రిమోట్లలో ఉండేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. దగ్గర్నుంచి పనిచేసి దూరం నుంచి పనిచేయకపోతే యాంటెన్నా తీగ తెగిందేమో చూడాలి. గేటు దీపానికి చౌకరకం ఎల్‌ఈడీ బల్బు పెట్టారేమో అడగాలి. కొన్ని బల్బులు వదిలే రేడియో రొద రిమోట్ సంకేతాన్ని మింగేస్తుంది.

మోటారు గుర్రుమంటోంది, తిరగడం లేదు అంటే ఏసీ మోటార్లలో మొదటి అనుమానం కెపాసిటర్ మీద. మెయిన్ ఆపాక కూడా అందులో కరెంటు నిలవ ఉంటుంది, డిశ్చార్జ్ చేయకుండా వేలు పెట్టకండి. గేటు తెరుచుకుంటుంది, మూసుకోదు అంటే ఫోటోసెల్ చూడాలి. ఎదురెదురుగా ఉండే ఆ రెండు కళ్లలో ఒకటి కాస్త పక్కకు తిరిగినా, మీద సాలెగూడు పట్టినా, అడ్డంగా మనిషి ఉన్నాడనే బోర్డు అనుకుంటుంది. పొద్దున బాగా పనిచేసి సాయంత్రం నాలుగు దాటాక మాత్రమే మొండికేసే గేటుంటే అది ఏ దిక్కుకు ఉందో చూడండి. పడమటి ఎండ నేరుగా రిసీవర్ కంట్లో పడుతుంటుంది. పంపే కన్నును, అందుకునే కన్నును చోట్లు మారిస్తే సరి. ఇది ఏ మాన్యువల్ చివరి పేజీలోనో ఒక్క వాక్యంగా ఉంటుంది. కస్టమర్‌కు మాత్రం మంత్రం వేసినట్టే ఉంటుంది. ఇక మన ఊళ్ల ప్రత్యేకతలు బల్లులు, చీమలు. వెచ్చగా ఉంటుందని బోర్డు పెట్టెలో చేరి, రిలేల మధ్య చచ్చి షార్ట్ చేస్తాయి. తీగలు వచ్చే రంధ్రాలను సిలికాన్‌తో మూసి వస్తే ఆ ఇంటివాళ్లు పదేళ్లు మీ పేరు చెప్పుకుంటారు. విశాఖలాంటి సముద్రతీరంలో ఉప్పుగాలికి టెర్మినళ్లు పచ్చగా చిలుము పడతాయి, అక్కడ ప్రతి స్క్రూ విప్పి శుభ్రం చేయడమూ సర్వీసులో భాగమే.

ఫోటోసెల్ చెడిపోయినప్పుడు కస్టమరే అడుగుతాడు: ‘దాన్ని తీసేసి డైరెక్ట్ చేసెయ్ బాబూ, గేటు మూసుకుంటే చాలు.’ రెండు టెర్మినళ్ల మధ్య చిన్న తీగ ముక్క వేస్తే గేటు నిజంగానే మూసుకుంటుంది. దోషం ఎక్కడుందో తేల్చుకోవడానికి, మీరు పక్కన నిలబడి ఒక్క నిమిషం అలా చేయొచ్చు. అలాగే వదిలేసి మాత్రం రావద్దు. తలుపుల కింద పడి పిల్లలు చనిపోయాకే అమెరికాలో చట్టం మారింది. 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి ఇంటి గ్యారేజ్ ఓపెనర్‌కూ, తలుపు తగలకముందే పసిగట్టే సెన్సార్ లాంటి అదనపు రక్షణ ఉండాలన్నారు. అక్కడ ఆ కళ్లను నేలకు 6 అంగుళాల ఎత్తు దాటకుండా పెడతారు. మోటారు బలం సర్దే చోట కూడా ఇదే నిగ్రహం కావాలి. బరువెక్కిన గేటును బాగుచేయకుండా బలం పెంచి నడిపిస్తే, అడ్డొచ్చిన మనిషికి తగిలినా అది వెనక్కి తగ్గదు. గ్యారేజ్ తలుపుల మీద ఉండే స్ప్రింగులు మరీ ప్రమాదం. తలుపు బరువంతా వాటి బిగువులోనే ఉంటుంది. వాటి జోలికి అనుభవజ్ఞుడి పక్కన పనిచేసి నేర్చుకున్నాకే వెళ్లాలి.

చదువు సంగతికొస్తే, పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ ఎలక్ట్రీషియన్ గానీ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ గానీ మంచి పునాది. నన్నడిగితే ఎలక్ట్రీషియన్‌కే ఓటు. బోర్డు మార్చడం ఎవరైనా నేర్చుకుంటారు, ఎర్తింగ్ సరిగా వేయగలిగినవాళ్లు తక్కువ. దానికి కాస్త వెల్డింగ్ తోడవ్వాలి. ఐటీఐలో వెల్డర్ ఏడాది కోర్సే, అంత సమయం లేకపోతే గేట్లు చేసే షాపులో కొన్నాళ్లు చేయి కలిపినా సరిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి షాపులకు కొదవ లేదు. ఆ తర్వాత గేట్లు బిగించే డీలర్ దగ్గర హెల్పర్‌గా చేరండి. జీతం తక్కువే ఇస్తారు. అయినా సర్వీసు కాల్స్‌కు తీసుకెళ్లే అన్న వెంట ఉండేలా చూసుకోండి, గోడౌన్‌లో మోటార్లు మోయడానికి పరిమితం కావద్దు. ఈలోగా కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట ఒక బోర్డు, రిమోట్, ఫోటోసెల్ జత కొని, మోటారుకు బదులు బల్బులు తగిలించి ఇంట్లోనే ప్రయోగాలు చేయొచ్చు. మాన్యువల్స్ ఇంగ్లిష్‌లో ఉంటాయని జంకకండి. కామన్, నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్‌డ్, లిమిట్, డిలే వంటి కొన్ని పదాలు పట్టుబడితే ఏ కంపెనీ వైరింగ్ బొమ్మయినా చదవొచ్చు.

ఇంటర్వ్యూలో కూడా అడిగేది దోషం పట్టుకునే నేర్పు గురించే. ‘గేటు సగం మూసుకుని వెనక్కి వెళ్తోంది, మొదట ఏం చూస్తావు?’ బోర్డు మారుస్తానని చెప్పేవాడికి ఉద్యోగం కష్టం.

గల్ఫ్ వైపు చూసేవాళ్లకు ఒక మాట. అక్కడి విల్లాలకూ ఈ గేట్లే కాబట్టి, ఏ అనుభవమూ లేకుండా హెల్పర్ వీసా మీద వెళ్లేకంటే చేతిలో ఈ పనితో వెళ్లడం మేలు. పది పాసైతే పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం ఉండదు. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థే విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది, ముందు అక్కడ అడిగి చూడండి. ప్రైవేటు ఏజెంటయితే కేంద్రం దగ్గర రిజిస్టరైనవాడేనా అన్నది ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

సొంతంగా మొదలుపెట్టేవాళ్లకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. మల్టీమీటర్, క్లాంప్ మీటర్, పనిముట్లు, బండి ఉంటే సరిపోతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 వరకు రుణానికి దరఖాస్తు చేయొచ్చు. ఒక పుస్తకంలో ప్రతి ఇంటి పేరు కింద మోటారు మోడల్, బిగించిన తేదీ, రిమోట్లు ఎన్ని, మార్చిన భాగాలేమిటి అని రాసుకోండి. ఏడాది తిరిగాక ఆ పుస్తకం చూసి ఫోన్ చేస్తే వార్షిక నిర్వహణకు ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్లేలా మాట్లాడుకుంటే చాలు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. ‘బ్యాటరీ మార్చినందుకు ఇంతా?’ అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. రావడానికి ఎంత, పనికి ఎంత అన్నది బయల్దేరే ముందే ఫోన్‌లో చెప్పండి. రిమోట్ బ్యాటరీ మార్చి చూడమని కూడా ఆ ఫోన్‌లోనే చెప్పండి. దాంతో గేటు తెరుచుకుంటే ఆ రోజు మీకు రావాల్సింది పోతుంది, మోటారు నిజంగా కాలినప్పుడు వాళ్లు ఇంకొకరికి ఫోన్ చేయరు.