ఏజెంట్ చేతికిచ్చే టూల్‌కి ఏం రాయాలి

చిరంజీవి మేనకోడలికి,

మీ టీమ్ టూల్స్‌ని ఏఐ ఏజెంట్లకు అప్పగించబోతున్నారనీ, వాటి డాక్యుమెంటేషన్ నీ మీద పడిందనీ అమ్మ చెప్పింది. ఇది చిన్న పనని ఎవరైనా అంటే నమ్మకు. ఎందుకు కాదో కాస్త వివరంగా రాస్తున్నాను.

కొత్తగా ఒక టూల్ పట్టుకున్న మనిషి సగం సంగతులు పక్క సీటువాళ్లను అడిగే తెలుసుకుంటాడు. ఏజెంట్‌కి ఆ వీలు ఉండదు. ఆంత్రోపిక్ 2024 నవంబరులో విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌నే (ఎంసీపీ) తీసుకుంటే, సర్వర్ ఒక్కో టూల్‌కీ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా పంపుతుంది. ఏ టూల్‌ని ఎప్పుడు పిలవాలి, ఏ విలువలు నింపాలి అన్నది మోడల్ ముఖ్యంగా వాటిని చూసే తేల్చుకుంటుంది. లోపలి కోడ్ సాధారణంగా దాని కంటపడదు. అందుకే వివరణలో ఒక్క వాక్యం మారినా ఏజెంట్ చేసే పని మారిపోవచ్చు.

'కస్టమర్ వివరాలు తెస్తుంది' అని రాసి వదిలేస్తే చాలదు. 'ఫోన్ నంబరు తెలిసినప్పుడు ఒక కస్టమర్ రికార్డు తెస్తుంది. పేరుతో వెతకడానికి పనికిరాదు, దానికి వేరే సెర్చ్ టూల్ ఉంది' అని రాస్తే ఏజెంట్ దారి తప్పదు. ఎప్పుడు వాడాలో రాసేవాళ్లు ఎప్పుడు వాడకూడదో కూడా రాయాలి. అలాగని పేజీలు నింపకూడదు. ఆ వివరణలన్నీ మోడల్ కాంటెక్స్ట్‌లో చోటు ఆక్రమిస్తాయి.

కొలమానాల దగ్గర మరీ జాగ్రత్త. రేజర్‌పే ఏపీఐలో మొత్తాన్ని పైసల్లో పంపాలి. 500 రూపాయలకు 50000 అని ఇవ్వాలి. ఆ మాట వివరణలో లేకపోతే ఏజెంట్ 500 అని పంపి, అయిదు రూపాయల ఆర్డరు తయారుచేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. తేదీలూ అంతే. 03/04/2025 అంటే హైదరాబాద్‌లో ఏప్రిల్ 3, షికాగోలో మార్చి 4. ఐఎస్ఓ 8601 పద్ధతిలో 2025-04-03 అని ఒక ఉదాహరణ ఇస్తే అనుమానానికి తావుండదు. యూనిక్స్ సమయాన్ని సెకన్లలో లెక్కిస్తారు, జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లలో ఇస్తుంది. అదీ రాయాల్సిందే.

ఇక్కడ నాసా అనుభవం ఒకటి చెప్పాలి. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర నాశనమైంది. నేల మీది ఒక సాఫ్ట్‌వేర్ ప్రచోదన (ఇంపల్స్) విలువలను పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, వాటిని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్ సెకన్లుగా తీసుకుంది. ఇంటర్‌ఫేస్ పత్రంలో మెట్రిక్ అనే ఉంది. పత్రం సరిగానే ఉంది, కోడ్ దాన్ని పాటించలేదు. రాసిన వివరణను టూల్‌తో నడిపించి చూడాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

తర్వాతిది, ఏమీ దొరకకపోవడానికీ పని చెడిపోవడానికీ ఉన్న తేడా. గ్రెప్ కమాండ్ వెతికింది దొరక్కపోతే 1, లోపం జరిగితే 2 తిరిగి ఇస్తుంది. మాన్యువల్ ఆ సంగతి స్పష్టంగా చెబుతుంది. కర్ల్ కమాండ్ సంగతి వేరు. సర్వర్ 404 అన్నా, ఫెయిల్ ఆప్షన్ ఇవ్వకపోతే ఎగ్జిట్ కోడ్ సున్నానే వస్తుంది. అది తెలియని ఏజెంట్ ఎర్రర్ పేజీనే డేటా అనుకుని ముందుకు సాగుతుంది. ఎర్రర్ సందేశం కూడా డాక్యుమెంటేషనే. 'తప్పు ఇన్‌పుట్' అనే బదులు 'తేదీ 2025-04-03 రూపంలో ఉండాలి, వచ్చింది 03/04/2025' అంటే ఏజెంట్ తనే సరిదిద్దుకుంటుంది.

నష్టం చేయగల టూల్స్‌కి ఆ నష్టాన్ని మొదటి వాక్యంలోనే చెప్పాలి. గిట్ రీసెట్ హార్డ్ కమాండ్, కమిట్ చేయని మార్పులను చెరిపేస్తుంది, వాటిని మళ్లీ రాబట్టడం చాలాసార్లు సాధ్యం కాదు. ఒక కాల్‌ని రెండుసార్లు పంపితే డబ్బు రెండుసార్లు కడుతుందా లేదా అన్నదీ రాయాలి. టూల్ చదవడానికి మాత్రమేనా, చెరిపేదా, మళ్లీ పిలిచినా అదే ఫలితమా అని సూచించే వీలు ఎంసీపీలో ఉంది. కానీ అవి సూచనలే, హామీలు కావని ఆ ప్రోటోకాలే చెబుతోంది. అందుకే అనుమతి అడగడం, అడ్డుకోవడం కోడ్‌లోనే ఉండాలి.

కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1971 నవంబరు 3న తెచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లో బగ్స్ అనే విభాగం ఉంది. తాము కట్టిన వ్యవస్థ లోపాలను వాళ్లు దాచకుండా రాసి పెట్టారు. మీ టూల్స్‌కీ ఆ విభాగం ఉండాలని ఈ మావయ్య కోరిక.

పని మొదలుపెట్టేటప్పుడు చెరిపే టూల్స్‌నీ డబ్బు కదిలించే టూల్స్‌నీ ముందు తీసుకో. వివరణ తప్ప వేరే సాయం ఇవ్వకుండా టెస్ట్ వాతావరణంలో ఏజెంట్‌కి నిజమైన పనులు అప్పగించు. లాగ్‌లో అది ఎక్కడ తప్పు టూల్ ఎంచుకుందో, ఎక్కడ విలువను ఊహించిందో గుర్తించు. ఆ చోట వాక్యం సవరించి మళ్లీ నడుపు. మొదటి టూల్ వివరణ పూర్తయ్యాక, లాగ్‌తో పాటు నాకు పంపు.

ఆశీస్సులతో,
మావయ్య