చెవిలో పుస్తకం, ఒంట్లో పాత భయం

ప్రశ్న: మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి కొట్టేవారు. ఇప్పుడు ఆఫీసు బస్సులో ‘ద బాడీ కీప్స్ ద స్కోర్’ ఆడియోబుక్ వింటుంటే గుండెదడ, అరచేతుల్లో చెమటలు. మానేయాలా?

జవాబు: మానక్కర్లేదు, బస్సులో మాత్రం వద్దు. 2014లో వచ్చిన ఆ పుస్తకంలో యుద్ధాల, అత్యాచారాల అనుభవాలు వివరంగానే ఉంటాయి. అచ్చు పుస్తకమైతే ఇబ్బందిగా ఉన్నచోట కళ్లు తిప్పుకుంటాం. ఆడియో తనంతట ఆగదు. పైగా సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే లేచి వెళ్లే దారీ ఉండదు. ఇంట్లో, పగటిపూట, కాసేపే వినండి. దడ మొదలైతే ఆపేసి, పాదాలు నేలకు గట్టిగా ఆనించి, ఎదురుగా కనిపించేవాటి పేర్లు పైకి చెప్పండి: ఫ్యాను, కిటికీ, నీళ్ల సీసా.

నాన్నను వెంటనే క్షమించేయమని తొందరపెట్టే స్వయంసహాయక పుస్తకాలూ ఉన్నాయి. వాటిని నిస్సంకోచంగా పక్కన పెట్టండి. మీ కోపానికి కారణం ఉంది.

పుస్తకం మీకు చెబుతుంది, మీరు చెప్పేది వినలేదు. పీడకలలు, ఉలికిపాట్లు వారాల తరబడి సాగుతుంటే హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో చూపించుకోండి. ట్రామాకు (మానసిక గాయానికి) ప్రత్యేకమైన సీబీటీ, ఈఎండీఆర్ లాంటి చికిత్సలు ఉన్నాయి. ముందు ఫోన్‌లో మాట్లాడితే చాలనుకుంటే 14416, టెలీ మానస్. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ. రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.